తాత గొంతుతో తాత అనని మాట చెప్పించొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది జనగామ దగ్గర పల్లె, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాం. మేం కూనపులి వాళ్ళం. మా తాత పద్మశాలీల వాడల్లో పటం, అంటే కథంతా బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ, కట్టి వాళ్ళ కులపురాణమైన మార్కండేయ పురాణం చెప్పేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బాపు ఆ పనిలోకి రాలేదు. నేను హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్ పని చేసి వచ్చాను. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పాత పటం ఇంట్లో ఉంది, చివర్లో కొన్ని బొమ్మలు చిరిగి రంగు రాలిపోయాయి. తాత కథ చెప్పిన క్యాసెట్లు కూడా ఉన్నాయి. ఒక దాంట్లో మధ్యలో కరెంటు పోతే తాత 'కరెంటు పోయింది గని కథ పోలే, కూసోండ్రి' అంటాడు. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి పటం స్కాన్ చేస్తాం, పోయిన బొమ్మలు ఏఐతో నింపుతాం, తాత గొంతు ఏఐతో తయారుచేసి కథ మొత్తం చెప్పిస్తాం, హెడ్‌సెట్ పెట్టుకుని చూసే షో చేస్తాం అంటున్నారు. కరెంటు మాట నాయిస్ కాబట్టి తీసేస్తారట. డబ్బు బాగానే ఇస్తామన్నారు. బాపు సంతకం పెట్టేద్దాం అంటాడు. నాయినమ్మేమో పూజ లేకుండా పటం విప్పొద్దు, పాతబడితే గోదాట్లో కలపాలి అంటోంది. పద్మశాలి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి 'అది మా పురాణం, మమ్మల్ని అడగకుండ ఎట్ల ఇస్తరు' అన్నారు. ఈలోపు నేను ట్రయల్ కోసం తాత గొంతు చేసి చిన్న రీల్ పెట్టాను. లైకులు బాగా వచ్చాయి. నాయినమ్మ విని 'ఈయన మీ తాత గాదు' అని లేచి వెళ్ళిపోయింది, అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. కంపెనీ వాళ్ళు ఏఐతో నింపిన బొమ్మ శాంపిల్ ఫోటో కూడా పంపుతున్నా. నేను తప్పు చేశానా? సంతకం పెట్టాలా వద్దా?

జవాబు: తమ్మీ, నువ్వు చివర్లో అడిగినదానికే ముందు చెబుతా, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడున్న కాగితం మీద సంతకం పెట్టకు. పటం స్కాన్‌కి ఒప్పుకో, క్యాసెట్లు డిజిటల్ చేయడానికి ఒప్పుకో, తాత గొంతు తయారుచేయడానికి మాత్రం ఒప్పుకోకు. కంపెనీ వాళ్ళు అన్నిటినీ ఒకే అగ్రిమెంటులో కట్టి తెచ్చారు కాబట్టి నీకది ఒకటే పనిలా కనిపిస్తోంది. ఉన్నదాన్ని దాచుకోవడం ఒక పని, పోయినదాన్ని ఊహించి నింపడం ఇంకో పని, చనిపోయిన మనిషి నోట్లో మాటలు పెట్టడం పూర్తిగా వేరే సంగతి. మొదటిదానికి మీ ఇంట్లో నిజంగా అడ్డు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నాయినమ్మ కూడా పూజ లేకుండా విప్పొద్దంది గానీ అసలు విప్పొద్దనలేదు కదా. పూజ చేసే విప్పండి. కొబ్బరికాయ కొట్టి స్కాన్ మొదలుపెడితే కెమెరాకేం నష్టం లేదు, మన దగ్గర కొత్త జేసీబీకే నిమ్మకాయలు కడతాం.

ఇక రీల్ సంగతి. నాయినమ్మ అలిగిందని నువ్వు అనుకుంటున్నావు, నాకైతే ఆమె నీ పనిని చాలా సరిగ్గా విమర్శించిందనిపించింది. గొంతు అచ్చం అదే వచ్చి ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు, ఇప్పుడు కొన్ని నిమిషాల ఆడియో ఉంటే చాలు గొంతు రంగు మొత్తం పట్టేస్తున్నారు. కానీ పటం కథ చెప్పేవాడి పని గొంతుతో అయిపోయేది కాదు. ఏ రోజు ఏ వాడలో చెబుతున్నాడో చూసుకుని, ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసుకుని, ఎవరింటి పేరు ముందు ఎత్తాలో, ఎవరిది మరిచిపోతే తెల్లారి పంచాయితీ అవుతుందో లెక్కేసుకుని చెబుతాడు. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి నూటొక్క మంది కొడుకుల పేర్ల మీద వాళ్ళకు 101 గోత్రాలని కదా చెప్పుకుంటారు, ఆ వరస ఎక్కడ లాగాలో, ఎక్కడ చప్పున దాటేయాలో తాతకు తెలుసు. పిల్లలు ఎక్కువుంటే భావనారుషి పులి మీద వచ్చే ఘట్టం ఇంకాసేపు నడుస్తుంది, వాన మబ్బు పడితే కాలవాసురుడనే రాక్షసుడు తొందరగా చస్తాడు. క్యాసెట్‌లో ఉన్నది ఒక ఊరిలో ఒక రాత్రి చెప్పిన కథ. దాన్ని దాచుకుంటే ఆ రాత్రిని దాచుకున్నట్టు. ఆ గొంతు తీసుకుని కంపెనీ స్క్రిప్టు రైటర్ రాసిన వాక్యాలు చదివిస్తే అది ఎవరి కథ, నువ్వే చెప్పు. తాత చెప్పింది కాదు, నువ్వు చెప్పింది కూడా కాదు. నాయినమ్మ అన్నది అదే.

అందుకే 'కరెంటు పోయింది గని కథ పోలే' అన్న ముక్క తీసేస్తామన్నారని చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆ క్యాసెట్ మొత్తంలో పురాణం కానిదీ, ఎవరూ రాసివ్వనిదీ, అచ్చంగా తాతదీ అయిన వాక్యం అదొక్కటే కావచ్చు. షోలో ఒక్క వాక్యమే పెట్టాల్సి వస్తే నేనైతే అదే పెడతా.

గొంతు విషయంలో మన కళ్ళ ముందే జరిగిన సంగతులున్నాయి. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఏఐతో తయారుచేసి అనుమతి లేకుండా వాడారంటూ ఆయన కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపారు. ఆ తర్వాత ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడి, ఇళ్ళవాళ్ళ దగ్గర అనుమతి తీసుకున్నామని, తగిన డబ్బు ఇచ్చామని బయటికి చెప్పారు. జనం ఈ రెంటినీ పోల్చి రెండోది సరైన పద్ధతి అన్నారు. నాకు సగమే ఒప్పుదల. అనుమతి అడగడం మర్యాద, కాదనను. కానీ ఆ అనుమతి ఇచ్చింది ఇళ్ళవాళ్ళు, గొంతున్న మనిషి కాదు. సినిమా గాయకుడు బతికున్నన్నాళ్ళూ ఇంకొకరు రాసిన మాటలే పాడాడు కాబట్టి అక్కడ కొంత సర్దుకోవచ్చు. మీ తాత అట్లా కాదు, తన మాట తనే కూర్చుకుని చెప్పినవాడు. ఆయనకు రాసిచ్చిన మాటలు చదవడం అలవాటే లేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకో, బాపుకి చెప్పడానికి పనికొస్తుంది. బతికున్న గాయకుల గొంతును ఏఐతో కాపీ కొట్టొద్దని 2024లో అరిజిత్ సింగ్ కేసులో బొంబాయి హైకోర్టు ఆర్డరిచ్చింది. చనిపోయినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి వేరు, అంతకుముందు ఏడాదే ఢిల్లీ హైకోర్టు, చనిపోయిన ఒక నటుడి విషయంలో, ఇట్లాంటి హక్కులు మనిషితోనే పోతాయన్నట్టు చెప్పింది. అంటే తాత గొంతును రేపు ఎవరైనా పాడుచేస్తే కోర్టు కాపాడుతుందన్న ధైర్యం పెట్టుకోవద్దు, కాపాడితే నీ అగ్రిమెంటే కాపాడాలి. క్యాసెట్లో ఉన్న ప్రదర్శన సంగతి కొంత మెరుగు. కాపీరైట్ చట్టం ప్రకారం కళాకారుడి ప్రదర్శనకు 50 ఏళ్ల రక్షణ ఉంది, 2012 సవరణ తర్వాత తన పేరు వేయించుకునే హక్కు, పరువు పోయేలా వక్రీకరిస్తే ఆపించే హక్కు కూడా చేరాయి. వంత పాడినవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు, మర్చిపోకు. వాళ్ళల్లో ఎవరైనా బతికుంటే ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళు.

ఇప్పుడు బొమ్మలు. నువ్వు పంపిన శాంపిల్ ఫోటోను పెద్దది చేసి చూశాను. దూరం నుంచి బాగుంది, వెనకున్న ఎర్ర నేల కుదిరింది, కళ్ళు కూడా నకాశీ కళ్ళలాగే సాగదీశాడు. భావనారుషి మగ్గం దగ్గర కూర్చున్న బొమ్మ దగ్గరికి రా. పడుగు దారాలు సగం దూరం వచ్చి గాల్లో ఆగిపోయాయి. దారాలను వరసగా పట్టే అచ్చు లేదు. చేతిలో నాడె, అదే పేక దారం అటూ ఇటూ నడిపేది, ఉండాల్సిన చోట వేణువు లాంటిదేదో ఉంది, బహుశా కృష్ణుడి బొమ్మలు ఎక్కువ చూసి నేర్చుకున్న యంత్రం అయ్యుంటుంది. ఆయన భార్య భద్రావతికి కట్టిన చీర కాశీ పట్టు అంచు. నేతవాళ్ళ కులపురాణంలో మగ్గమే తప్పుగా ఉంటే ఎట్లా తమ్మీ! దీన్ని వరంగల్ కొత్తవాడలో నేత నేసే ముసలాయన ఎవరికైనా చూపించు, నాకంటే ఘాటుగా చెబుతాడు. పైగా రేపు ఇంకెవరో పరిశోధన చేసే పిల్ల ఈ షో చూసి 'చేర్యాల పటాల్లో భావనారుషి చేతిలో వేణువు ఉంటుంది' అని రాసిందనుకో, అదే పాఠమైపోతుంది. ఏఐ తప్పులు గీస్తుందన్నది పెద్ద బాధ కాదు, మనుషులూ గీస్తారు. అది గీసింది పాతదాంట్లో అతుకు తెలియకుండా కలిసిపోతుంది, నా భయమంతా అక్కడే.

పాత కట్టడాలు బాగుచేసేవాళ్ళకు ఇది ఎప్పటి నుంచో ఉన్న తలనొప్పే. 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒడంబడికలో ఒక నియమం ఉంది: పోయిన భాగం చోట కొత్తది పెడితే మొత్తంతో అందంగా కలవాలి, కానీ పాతది ఏదో కొత్తది ఏదో తెలియాలి. మన వేయిస్తంభాల గుడి మండపం 2006లో విప్పితే మళ్ళీ తెరిచేసరికి 2024 అయింది, నీకూ నాకూ అంత ఓపిక లేకపోవచ్చు, ఆ నియమం మాత్రం ఫైలుకు కూడా పెట్టొచ్చు. పోయిన బొమ్మల చోట ఖాళీ ఎర్ర నేల వదిలేయమను, లేదా రేఖలు మాత్రమే గీయమను. నా మాట వింటే ఇంకో పని చెయ్యి. చేర్యాలలో ఆ పని చేసే నకాశీ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక పట్టించి గీసేవాళ్ళు. పోయిన బొమ్మలను నాయినమ్మకు గుర్తున్నంత చెప్పించి, వాళ్ళతో వేరే గుడ్డ మీద కొత్తగా గీయించు, ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలని రాయించు. పటం చిరిగిపోతే కొత్తది గీయించుకోవడం మీ వాళ్ళు తరతరాలుగా చేసిందే కదా. కొత్త పటాన్ని ఎవరూ నకిలీ అనలేదు, ఎందుకంటే ఎవరు గీశారో, ఎవరు గీయించుకున్నారో ఊరందరికీ తెలుసు.

సంఘం పెద్దమనుషుల దగ్గరికి వద్దాం. వాళ్ళ మాటలో న్యాయం ఉంది, కొంత దబాయింపు కూడా ఉంది. పురాణం వాళ్ళ కులానిదే, మీ తాత వాళ్ళ వాడల్లో మిరాశి, అంటే వంశపారంపర్యంగా కథ చెప్పే హక్కు, ఉండబట్టే తిరిగాడు, త్యాగం, అంటే కథకు వాళ్ళిచ్చే ప్రతిఫలం, తీసుకున్నాడు. కాబట్టి కథలో ఏం మార్చొద్దు, దేవుళ్ళ బొమ్మల పక్కన ఏ ప్రకటనలు రావొద్దు అని చెప్పే హక్కు వాళ్ళకుంది, పిలిచి అడుగు, గౌరవంగా కూర్చోబెట్టి అడుగు. డబ్బు విషయంలో మాత్రం వాళ్ళకు పెత్తనం లేదు. మిరాశి ఊర్లలో త్యాగాలు తగ్గిపోయి, పటం మోసుకుని వెళ్తే 'ఈ ఏడు వద్దులే' అనిపించుకునే పరిస్థితి వచ్చింది కాబట్టే మీ బాపు వేరే పని చూసుకున్నాడు. అప్పుడు పట్టని పురాణం ఇప్పుడు కంపెనీ కారు వాకిట్లో ఆగేసరికి గుర్తుకొచ్చిందా అని నువ్వు అడగకు, చిన్నవాడివి, నేను అడుగుతున్నా. మీ బాపును కూడా తక్కువ చేసి చూడకు. అన్నం పెట్టని పటం మీద ఆయనకు కోపం ఉండటంలో వింతేముంది? డబ్బు తీసుకోవడం తప్పు కాదు, కళ అనగానే పేదవాళ్ళు ఉచితంగా ఇచ్చేయాలని అందరూ ఆశించడమే తప్పు. తీసుకోండి, ఎక్కువే అడగండి, వంతవాళ్ళ ఇళ్ళకు వాటా పంపండి.

చట్టం లెక్కలో చూసినా, డబ్బిచ్చి గీయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ మొదట గీయించుకున్నవాడిదే. గీసినవాడి పేరు చెప్పుకునే హక్కు మాత్రం ఎక్కడికీ పోదు. పటం మీద ఎక్కడైనా నకాశీ ఆయన పేరు కనిపిస్తుందేమో వెతుకు. షోలో ఆయన పేరు, తాత పేరు, వంతవాళ్ళ పేర్లు మొదట్లోనే రావాలి, చివర్లో పరుగెత్తే అక్షరాల్లో కాదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది నాయినమ్మ గోదారి మాట. మీ ఇంట్లో పటానికి చావు ఉంది. పని అయిపోయాక నీళ్ళలో కలిపేస్తారు, ఇంకొకటి వస్తుంది. మ్యూజియం వాళ్ళకు ఇది వింటే గుండె ఆగుతుంది, నాకూ చెప్పొద్దూ, వందల బొమ్మలున్న గుడ్డ నీళ్ళపాలు అంటే మనసొప్పదు. కానీ గుర్తుంచుకోవడం అంటే అంతా ఎప్పటికీ దాచిపెట్టడమే అని ఎవరు నిర్ణయించారు? స్కాన్ చేసిన ఫైలుకు చావు లేదు, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు, ఒక కంపెనీ మునిగితే దాన్ని కొన్న ఇంకో కంపెనీకి పోతూనే ఉంటుంది, ఎవరి ఏఐకో పాఠం అవుతుంది. ఆస్ట్రేలియాలో వారుముంగు అనే ఆదివాసీలు తమ ఫోటోలు, పాటల కోసం ముకుర్తు అనే డిజిటల్ ఆర్కైవ్ చేయించుకున్నారు, అందులో ఏ బొమ్మ ఎవరు చూడొచ్చు అన్నది వాళ్ళ ఆచారం ప్రకారమే నడుస్తుంది. చనిపోయినవాళ్ళ ఫోటోల విషయంలో కూడా వాళ్ళకు కట్టుబాట్లున్నాయి. అట్లాంటిది సాధ్యమే అన్నమాట. కంపెనీని అడుగు: ఇన్నేళ్ల తర్వాత ఫైళ్ళు మాకు తిరిగిచ్చి మీ దగ్గరున్నవి చెరిపేస్తారా? వాళ్ళ మొహం చూడు. ఆ మొహమే సగం జవాబు. అసలు పటాన్ని గోదారికి పంపాలా, ఇంట్లో ఉంచాలా అన్నది నాయినమ్మ బతికుండగా ఆమె తేల్చాలి, నువ్వూ కాదు నేనూ కాదు.

స్కాన్ గురించి నువ్వు వీఎఫ్‌ఎక్స్ వాడివి, నీకు నేను చెప్పేదేముంది, అయినా రెండు ముక్కలు. ఫ్లాష్ వద్దు, రంగుల కార్డు పక్కన పెట్టి ఒకదానిపై ఒకటి కొంచెం వచ్చేలా ఫోటోలు తీయాలి, వెనక వైపు కూడా తీయాలి, అతుకులు, మరకలు, నూనె చుక్కలు అక్కడే ఉంటాయి. లామినేషన్ మాట ఎవరెత్తినా ఇంట్లోకి రానివ్వకు. అయిపోయాక లావు గొట్టానికి బొమ్మ బయటికి వచ్చేలా, పాత నూలుగుడ్డ వేసి చుట్టు, లోపలికి చుడితే రంగు నలిగి రాలుతుంది. చింతగింజల అంబలి పురుగులకు ఇష్టం, అప్పుడప్పుడు విప్పి చూస్తుండు. క్యాసెట్లు మాత్రం ఇంకో వానాకాలం దాకా ఆపకు. తెలిసినవాళ్ళ దగ్గర శుభ్రమైన డెక్ (క్యాసెట్ ప్లేయర్) మీద, ఎంపీత్రీ కాకుండా వేవ్ ఫైలుగా, ఏ శబ్దమూ తీసేయకుండా ఎక్కించు. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి బంధువుల దగ్గర, ఒకటి ఎక్కడైనా సంస్థలో పెట్టు. మన వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ళ జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, పటం కథలంటే ఏమిటో అక్కడ మొదటి నుంచి వివరించాల్సిన పని ఉండదు. వెళ్ళి కలువు. అక్కడ కూడా ఏ షరతు మీద ఇస్తున్నావో కాగితం రాయించుకునే ఇవ్వు.

షో ఎక్కడ పెడతారో అడిగావా? మాల్‌లో ఫుడ్‌కోర్టు పక్కన పెడితే వేరు, చెప్పులు విడిచి కూర్చుని చూసే చోట పెడితే వేరు. హెడ్‌సెట్‌లో ఒక్కొక్కరు ఒంటరిగా చూస్తారు, పటం కథ మందిలో కూర్చుని వినేది, మధ్యమధ్యలో 'ఆఁ' కొట్టేది. నాకైతే హెడ్‌సెట్ కంటే ఒక గదిలో గోడ మీద పటం నెమ్మదిగా విప్పుకుంటూ, క్యాసెట్‌లోని తాత అసలు గొంతు, దగ్గులతో సహా, వినిపించడమే బాగుంటుందనిపిస్తుంది. కథలో ఖాళీలు వచ్చిన చోట నువ్వే నీ గొంతుతో చెప్పు. నీకు కథ రాకపోతే, సరే, క్యాసెట్లు ఉన్నాయిగా, నేర్చుకో. మనవడు తడబడుతూ చెప్పాడంటే ఎవరూ నవ్వరు. నవ్వినా ఏం కాదు.

రీల్ తీసెయ్, ఈ రోజే. సారీ పోస్టు పెట్టాల్సిన పనిలేదు, ఊరికే తీసెయ్. నాయినమ్మను 'క్యాసెట్ వింటావా' అని ఒకసారి అడుగు, వద్దంటే వదిలెయ్.

కంపెనీకి ఫోన్ చేసి అగ్రిమెంటు విడగొట్టి పంపమను: స్కాన్‌కి ఒకటి, క్యాసెట్లకు ఒకటి. గొంతు తయారీ, ఏఐకి నేర్పడానికి వాడకం రెండూ వద్దని స్పష్టంగా రాయమను. గడువు ఎంతో, ఏయే ప్రాంతాలకో అంకెలతో, పేర్లతో రాయించు. మన చట్టంలో గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క, అందుకే వాళ్ళ కాగితాల్లో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా', 'ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో' లాంటి మాటలు దూర్చి ఉంటారు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అండర్‌లైన్ చేసి, పేర్లు కొట్టేసి నాకు పంపు. నేను చదివాక, అది పట్టుకుని ఒక లాయర్ దగ్గరికి బాపును కూడా తీసుకునే వెళ్ళు.